మూసెయ్యని మెయిల్ ఐడీ

"కుదరదండీ."

అతను తల కూడా ఎత్తలేదు. కీబోర్డు మీద వేళ్ళు టకటకలాడిస్తూనే ఆ మాట అనేశాడు.

తెల్లారకముందే కడపలో బస్సెక్కి, మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల దాటుకుని కర్నూలు చేరి, బస్టాండు దగ్గర ఆటోవాడితో వాదులాడి, జూన్ ఎండలో చెమటలు కక్కుతూ వచ్చిన పద్మప్రియకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం కుదరదు? నేనడిగేది పూర్తిగా విన్నారా మీరు?"

"వినక్కర్లేదండీ. పొద్దుట్నుంచీ వచ్చినోళ్ళంతా అదే అడుగుతాండారు. పోయినేడు పాసైనోళ్ళ మెయిల్ ఐడీలన్నీ ఈ నెలాఖరుకు మూసెయ్యమని రిజిస్ట్రార్ గారి ఆర్డరు. నోటీసు గోడకు అంటించినాం."

"గోడ కర్నూల్లో ఉండాది. నేను కడపలో ఉండా. ఈడ అంటిస్తే ఆడికెట్ల కనపడ్తాది?"

అప్పుడు తలెత్తాడు. సన్నటి మనిషి. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా మండింది.

బల్ల మీది పలక అతని పేరు ప్రదీప్‌కుమార్ అని చెప్పింది. హంద్రీ ఒడ్డున ఉన్న ఆ కేదార విద్యాపీఠం యూనివర్సిటీలో కంప్యూటర్ సెంటర్ బాధ్యత అతనిదే. పద్మప్రియ ఎంసీఏ చదివిన రోజుల్లో అక్కడొక పెద్దాయన ఉండేవాడు. ఇతను ఆ తర్వాత వచ్చినట్టున్నాడు.

"కూర్చోండి," అన్నాడు ప్రదీప్ ఫ్యాను ఆమె వైపు తిప్పుతూ. "ఇప్పుడు చెప్పండి. పూర్తిగా వింటా."

చెప్పింది. చివరి సంవత్సరం క్యాంపస్ సెలక్షన్లలో చెన్నై కంపెనీ ఒకటి ఆమెను తీసుకుంది. ఆఫర్ లెటర్ చేతికొచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ వెంటనే అమెరికాలో బ్యాంకులు కూలాయి. "జాయినింగ్ తేదీ ఈమెయిల్ ద్వారా తెలియజేయబడును" అన్న ఒక్క ముక్క తప్ప కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ ఈమెయిల్ వచ్చేది యూనివర్సిటీ ఇచ్చిన ఐడీకే. కంపెనీ సైటులో ఐడీ మార్చుకునే వీలు లేదు, ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు.

"మీరు ఐడీ మూసేసినాక ఆ లెటర్ వస్తే? తిరుక్కోని పోతాది గదా. వచ్చిందని కూడా నాకు తెలీదు." ఆఫర్ లెటర్ తీసి బల్ల మీద పెట్టింది. "అర్థం చేసుకోండి సార్."

ప్రదీప్ ఆమె పేరడిగి, స్క్రీన్ మీద ఆమె ఐడీ వెతికి తీశాడు.

"సెప్టెంబర్ ఆఖరు దాకా ఉంచుతా. రిజిస్ట్రార్ గారికి నేను చెప్పుకుంటా. కానీ ఒక రూలుంది. ప్రతి నెలా ఒకటో తేదీ, 'నాకీ ఐడీ ఇంకా కావాలి' అని అదే ఐడీ నుంచి నాకు మెయిల్ కొట్టాల."

"కొట్టకపోతే?"

"మూసేస్తా."

మనిషా, మిషనా అనుకుంది పద్మప్రియ. కానీ బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబడి పెద్దగా ఊపిరి పీల్చుకుంది.

*

జూలై ఒకటిన కడప ఏడురోడ్ల దగ్గరున్న ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని "గౌరవనీయులైన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ గారికి" అంటూ మొదలుపెట్టి, అర్జీలాంటి మెయిల్ ఒకటి పంపింది.

జవాబు గంటలోపే వచ్చింది. "కొనసాగించడమైనది. కర్నూల్లో ఇంకా వాన పడలేదు. కడపలో?"

ఆ రెండో ముక్కకు ఏం రాయాలో తెలియక మూడు రోజులు ఆలోచించి, "కడపలో వాన పడితే పేపర్లో వేస్తారు, చూసుకోండి," అని కొట్టింది.

అక్కడ మొదలైంది. వాన గురించి, కరెంటు కోతల గురించి, హాస్టల్ మెస్‌లో ఇప్పటికీ మారని నీళ్ళ సాంబారు గురించి. అతనిది ఆదోని. నాన్నకు కిరాణా అంగడి. కొడుకు తక్కెడ ముందు కూర్చోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడని ఆయనకు ఇప్పటికీ మనసులో కష్టమేనట. "నెలాఖరుకు ఇంటికి పోతే ఒకటే మాట. ఆ డబ్బాలో ఏం పెట్టి అమ్ముతావురా, దుడ్లు యాడ రాల్తాయిరా అంటాడు," అని రాశాడు.

పద్మప్రియ నవ్వుకుంది. ఆమె తండ్రి రామసుబ్బయ్యది వై.వి. స్ట్రీట్‌లో స్టీలు సామాన్ల అంగడి. ఆయన కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతాడు.

ఇద్దరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. ఆ అక్షరాలే ఒకసారి కొంప ముంచాయి.

"మా జీవమ్మగారింట్లో పెళ్ళి. రాత్రంతా ఒకటే అరుపులు. నాకు నిద్రే లేదు. నాకే అంటగడతానంటోంది, ఏం చేయాలో తెలీడం లేదు," అని ఉంది మెయిల్లో. జీవమ్మ అంటే కర్నూల్లో అతను అద్దెకున్న ఇంటి యజమానురాలు.

పద్మప్రియ ఆ వాక్యాలు నాలుగుసార్లు చదివింది. జీవమ్మకు కూతురుందని ఎప్పుడూ చెప్పలేదే! ఆ రోజు అన్నం సయించలేదు. ఏమైందని తల్లి రాజ్యలక్ష్మమ్మ అడిగితే తలనొప్పి అంది. సాయంత్రం మళ్ళీ ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, "శుభాకాంక్షలు. పెళ్ళికూతురు ఏం చదువుకునింది?" అని కొట్టి, జవాబు చూడకుండానే లేచి వచ్చేసింది.

మర్నాడు చూస్తే: "పెళ్ళికూతురేంటండీ? పిల్లి! పిల్లి ఈనింది. ఒక పిల్లను నన్ను పెంచుకోమంటోంది. ఐ కొట్టాల్సిన చోట ఈ కొట్టినట్టున్నా."

సెంటర్లో అందరూ తిరిగి చూసేలా నవ్వింది పద్మప్రియ. నవ్వు ఆగాక అనుమానమొచ్చింది. ఒక పిల్లి ఈనితే తనకు అన్నం ఎందుకు సయించలేదు?

జూలై ఆఖరులో ఇంకోటి జరిగింది. కంపెనీ సైటులో కొత్తగా ఒక పేజీ తెరిచారు. యూనివర్సిటీ ఐడీలు పనిచెయ్యని వాళ్ళు సొంత ఐడీ ఇవ్వచ్చని. పద్మప్రియ అప్పటికప్పుడే కొత్త ఐడీ ఇచ్చేసింది. సరిచూసుకున్నామని కంపెనీ నుంచి రసీదు కూడా వచ్చింది.

అంటే ఇక ప్రదీప్‌ను బతిమాలాల్సిన పని లేదు.

ఆ సంగతి అతనికి రాద్దామని కూర్చుంది. "సార్, నాకు ఇంక ఆ ఐడీ అక్కర్లేదు" అని కొట్టింది. ఆ వాక్యం వైపు చాలాసేపు చూసింది. అక్కర్లేదంటే ఒకటో తేదీ మెయిల్ ఉండదు. దానికి వచ్చే జవాబూ ఉండదు. ఒక్కో అక్షరమే చెరిపేసింది. ఆగస్టు ఒకటిన యథాప్రకారం "నాకీ ఐడీ ఇంకా కావాలి" అని పంపింది. సెప్టెంబర్ ఒకటిన కూడా.

పంపిన ప్రతిసారీ అబద్ధమాడుతున్నట్టుండేది.

*

"దసరా దాకా చూస్తా పాపా," అని రామసుబ్బయ్య ముందే చెప్పి ఉన్నాడు. "ఆలోగా నీ ఉద్యోగం కాగితం రాకపోతే పొద్దుటూరు సంబంధం వాళ్ళను రమ్మంటా. బంగారు అంగడి, మంచి మనుషులు. ఊరికే వచ్చి చూసిపోతారు, అంతే."

దసరా వచ్చింది, పోయింది. కాగితం రాలేదు. ఆదివారం వస్తామని పొద్దుటూరు నుంచి కబురు వచ్చింది.

సెప్టెంబర్ ఆఖరు రోజుల్లో ఎన్నడూ లేనిది ఆకాశం చిల్లుపడ్డట్టు వాన పట్టుకుంది. వాన కోసం ముఖం వాచిన ఊళ్ళు మొదట సంబరపడ్డాయి, తర్వాత బెంగపడ్డాయి. అక్టోబర్ ఒకటిన పద్మప్రియ గొడుగు వేసుకుని ఇంటర్నెట్ సెంటర్‌కు పోయింది. గడువు ముగిసింది. ఇంకో మూడు నెలలు ఇమ్మని అడగాలి. పొద్దుటూరు సంగతి కూడా రాయాలి. రాస్తే అతను ఏమంటాడో చూడాలి.

మెయిల్ తెరుచుకోలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. పేజీ తెల్లగానే ఉండిపోయింది. వరండాలోకి వచ్చి అతని నంబరుకు ఫోను చేసింది. అంతకుముందు ఫోనులో మాట్లాడింది ఒకటి రెండుసార్లే.

"మూసేస్తివా?" అంది, హలో కూడా అనకుండా.

"ఏందండీ? వినపడ్డం లేదు, ఈడ వాన…"

"నా ఐడీ మూసేస్తివా అంటాండా! గడువు నిన్నటితో అయిపాయె, ఈ రోజు పొద్దున్నే పీకేస్తివి. ఒక మాట చెప్పల్లేదా?"

"నేనేం మూయలేదండీ. పొద్దుట్నుంచి కరెంటు లేదు, సర్వర్ ఆగిపోయింటాది…"

"అన్నీ కతలు! ఆదివారం పొద్దుటూరు వాళ్ళు వస్తాండారు, తెలుసునా నీకు?"

"ఎవరండీ పొద్దుటూరు వాళ్ళు?"

"నీకెందుకు? నువ్వు నీ రూల్సు చూసుకో!"

ఫోను పెట్టేసింది. వాన జల్లుకు చీర కుచ్చిళ్ళు తడిసిపోతున్నా అలాగే నిలబడింది. కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయిందని అప్పుడు తట్టింది.

సాయంత్రం అతని మెసేజ్ వచ్చింది. "రేపు గాంధీ జయంతి, సెలవు. అయినా పొద్దున్నే పోయి సర్వర్ చూస్తా. మీ ఉద్యోగం లెటర్ పోనివ్వను. పొద్దుటూరు వాళ్ళకు ఏం చెప్పాలో మీ ఇష్టం."

చదివి, జవాబివ్వకుండా ఫోను దిండు కింద పెట్టేసింది. రేపు చెప్పచ్చులే అనుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నానికి టీవీలో కర్నూలు కనబడలేదు. నీళ్ళే కనబడ్డాయి.

తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. మేడల మీద మనుషులు. నీళ్ళలో మునిగిన బస్సుల పైకప్పులు. రామసుబ్బయ్య అంగడి మూసి వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. "ఏం నీళ్ళే ఇవి, ఏం నీళ్ళే ఇవి," అని రాజ్యలక్ష్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"హంద్రీ ఒడ్డునున్న ప్రాంతాలు పూర్తిగా జలమయమయ్యాయి," అన్నాడు వార్తలు చదివే అతను.

పద్మప్రియ లేచి లోపలికి పోయి ఫోను చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. "మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్న ఆడగొంతును ఆ రోజు ఆమె ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు.

సెలవు రోజు. ఇంట్లో పడుకుని ఉండాల్సిన మనిషి. తనకు అక్కర్లేని ఒక ఐడీ కోసం, తను చెప్పకుండా దాచిన ఒక చిన్న మాట వల్ల, తను అరిచిన అరుపుల వల్ల ఏటి ఒడ్డుకు పోయాడు.

సాయంత్రానికి చెన్నై కంపెనీ మెయిల్ వచ్చిందని, తనతో పాటే అందులో ఎంపికైన స్నేహితురాలు ఫోను చేసి చెప్పింది. అందరికీ వచ్చిందట. జనవరిలో చేరమన్నారట. ఏడాదికి పైగా ఎదురుచూసిన మాట. "సరే," అంది పద్మప్రియ. ఆ "సరే" ఎవరో పక్కింటి వాళ్ళ సంగతికి అన్నట్టు వచ్చింది.

ఆదివారం పొద్దుటూరు వాళ్ళు రాలేదు, దారులు తెగిపోయాయి. ఆ పొద్దున్నే వ్యాపారస్తుల సంఘం వాళ్ళు కర్నూలుకు లారీ పంపుతున్నారని తెలిసింది. చపాతీలు, పులిహోర పొట్లాలు, దుప్పట్లు, రామసుబ్బయ్య అంగడి నుంచి గ్లాసులు, గిన్నెలు. ఆయన కూడా పోతున్నాడు.

"నేనూ వస్తా నాయనా," అంది పద్మప్రియ.

"నువ్వెందుకు పాపా? ఆడ బురద, వాసన…"

"వస్తా."

కూతురి ముఖం చూసి ఆయన లారీ ముందు సీటులో చోటు చూపించాడు.

నంద్యాల దాకా కిటికీలోంచి నీళ్ళు నిండిన పొలాలే చూసింది ఆమె. చుట్టూ తిరిగి పోతున్న లారీ ఒక గుంతలో పడి లేచినప్పుడు, కడుపులో మాట కూడా దానితో పాటు ఎగిరి బయటపడ్డట్టు, "అంతా నా వల్లే నాయనా," అని ఏడ్చేసింది. ఐడీ సంగతి, ఒకటో తేదీ మెయిల్, దాచిన అబద్ధం, చివరి ఫోను, అన్నీ చెప్పింది. లారీ డ్రైవరు మర్యాదగా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

రామసుబ్బయ్య కూతురి వైపు జరిగి కూర్చున్నాడు.

"ఎవరోళ్ళ పిల్లోడు?" అన్నాడు.

"ఆదోని. కిరాణా అంగడి."

"ఆ తల్లిదండ్రులకు తెలుసునా, వాడు యాడుండాడో?"

పద్మప్రియకు ఆ ఆలోచనే రాలేదు. తల అడ్డంగా ఊపింది.

"ముందు పోయి చూస్తాం పా," అన్నాడాయన. పైకండువా తీసి ఆమె చేతికిచ్చాడు, ముఖం తుడుచుకొమ్మని.

*

కర్నూలు వీధులు గుర్తుపట్టేలా లేవు. గోడల మీద మనిషెత్తుకు పైన మట్టిగీత. అంగళ్ళ ముందు కుళ్ళిన ధాన్యం కుప్పలు. లారీ సంఘం వాళ్ళు చెప్పిన చోట ఆగగానే జనం మూగారు. రామసుబ్బయ్య పొట్లాలు అందిస్తూ కూతురి వైపు చూసి, "నువ్వు పోయి కనుక్కోని రా. నేనీడ పనయినంక వస్తా," అన్నాడు.

బురదలో చెప్పులు ఊడిపోతుంటే చేత్తో పట్టుకుని నడిచింది. యూనివర్సిటీ గేటు ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల వాచ్‌మన్ మారెన్న పారతో బురద తోస్తున్నాడు. ఆమె చదువుకునే రోజుల నుంచీ తెలిసినవాడే.

"మారెన్నా, ప్రదీప్ సార్…" అంటూ ఆమె మేడ వైపు చూపించింది.

"ఆ సారా? యాడికి పోతాడమ్మా! రెండు దినాలు నేనూ ఆయనా పై అంతస్తులోనే ఉంటిమి. ఒక బిస్కెట్ పొట్లం, వాన నీళ్ళు. నీళ్ళు గడప దాకా వచ్చినంక పారిపోదాం రా సారూ అంటే వినల్యా. ఆ మిషన్ను నాతో పాటు మోయించినాడు మేడ మీదికి. అదుగో, ఆడుండాడు సూడు."

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గడ్డం మాసి, పగిలిన కళ్ళజోడును చొక్కా అంచుతో తుడుస్తూ.

పద్మప్రియ ఎదురుగా పోయి నిలబడింది. అతను కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"మీ ఐడీ భద్రంగా ఉందండీ," అన్నాడు. "కరెంటు వస్తే…"

"నీకేమన్నా బుద్ధుండాదా?" ఆమె అరిచింది. "దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"మీ ఉద్యోగం లెటర్ దాంట్లోకొచ్చి ఉంటే?"

"రాదు. నేను కంపెనీకి ఎప్పుడో జూలైలోనే వేరే ఐడీ ఇచ్చేసినా. లెటర్ కూడా వచ్చేసింది."

"మరి ఆగస్టులో… సెప్టెంబర్లో… ఇంకా కావాలని రాసినారు?"

"కావాల్సి రాసినా. ఐడీ కాదు." ఆమె తల దించుకుంది. "నీ జవాబు."

అతని ముఖంలో కోపం వచ్చింది. రెండు దినాల ఆకలి, భయం అన్నీ ఆ కోపంలో ఉన్నాయి. లేచి రెండు మెట్లు పైకి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. తిట్టినా బాగుండు అనుకుంది పద్మప్రియ. తిట్టలేదు.

"నీళ్ళు మెట్టుమెట్టుకూ ఎక్కుతాంటే నేనేం తల్చుకున్నానో తెలుసా?" అన్నాడు అటు తిరిగే. "ఈ పొద్దుటూరు వాళ్ళెవరో కనుక్కోకుండానే పోతానే అని."

"వాళ్ళు రాలేదు. వచ్చినా వద్దని చెప్పేదాన్ని."

అతను మెల్లగా ఇటు తిరిగాడు.

"నెలనెలా మెయిల్ కొట్టాలని రూలేం లేదండీ," అన్నాడు. "యూనివర్సిటీలో అట్లాంటి రూలే లేదు. ఆ రోజు మీరు గోడ గురించి కొట్లాడినారు గదా. మళ్ళీ మాట్లాడాలనిపించింది. అందుకని అప్పటికప్పుడు పెట్టినా."

ఆమె నోరు తెరిచి చూసింది. "నెలనెలా నేను భయపడి చస్తాంటే!"

"నేను మాత్రం? ఒకటో తేదీ పొద్దున మెయిల్ రాకపోతే నా గతేంది అని నెలంతా భయపడి చస్తాంటి."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఆమెకు మళ్ళీ ఏడుపొచ్చింది. అతను చెయ్యి చాచాడు, బురదగా ఉందని వెనక్కి తీసుకోబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమప్పా," అన్న గొంతు వినబడి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గేటు దగ్గర రామసుబ్బయ్య, చేతిలో పులిహోర పొట్లం. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ప్రదీప్ గబుక్కున చెయ్యి వదిలి, మడిచిన ప్యాంటు కిందికి లాక్కున్నాడు.

"తిన్యావా?"

"లేదండీ."

"తిను ముందు." పొట్లం చేతికిచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాడు. అతను రెండు ముద్దలు మింగేదాకా పక్కనే నిలబడ్డాడు. "మీ నాయనతో మాట్లాడినావా?"

"ఫోను నీళ్ళలో పడిపోయిందండీ. వాళ్ళకు నేను…" ప్రదీప్ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"మూడు దినాలనుంచి ఆ తల్లికి తిండీ నిద్రా ఉండవు." రామసుబ్బయ్య జేబులోంచి తన ఫోను తీశాడు. "నంబరు చెప్పు. ముందు నువ్వు బతికుండావని చెప్తా. మిగతావి నిదానంగా మాట్లాడుకుంటాం, పెద్దోళ్ళం."

ప్రదీప్ నంబరు చెప్పాడు. రామసుబ్బయ్య ఒక్కో అంకెనూ వత్తి, ఫోను చెవికి ఆనించుకున్నాడు. రెండుసార్లు లైను కలవలేదు. పద్మప్రియ ప్రదీప్ పక్కన మెట్టు మీద కూర్చుని తండ్రి ముఖమే చూస్తోంది.

మూడోసారి అటువైపు ఎవరో ఎత్తారు.

"హలో, ఆదోనేనా అండీ? నేను కడప నుంచి రామసుబ్బయ్యను. భయపడొద్దండీ, మీ పిల్లోడు బాగుండాడు. శానా బాగుండాడు." ఆయన ఒక్క క్షణం ఆగి, మెట్ల వైపు చూశాడు. "ఈడనే, మా పాప పక్కన కూర్చోని అన్నం తింటాండాడు."